సున్నిపిండి నుంచి సీరం దాకా

2006 అక్టోబరు చివర్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక పైపూత మందుకు అనుమతి ఇచ్చింది. దాని పేరు వెరిజెన్. గ్రీన్ టీ ఆకుల నుంచి తీసిన సారం అందులో 15 శాతం ఉంటుంది. జననాంగాల దగ్గర వైరస్ వల్ల లేచే పులిపిర్లకు రోజుకు మూడుసార్లు, ఎక్కువలో ఎక్కువ 16 వారాలు రాయాలి. వృక్ష ఔషధాల కోసం ఎఫ్‌డీఏ 2004లో ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేశాక వాటి కింద గట్టెక్కిన మొదటి మందు ఇదే. విడదీసిన ఒంటరి రసాయనం కాదు, పలు పదార్థాలు కలిసిన ఒక ఆకు సారం ఆధునిక వైద్యం పెట్టే పరీక్షలన్నీ దాటి డాక్టరు చీటీ మీదికి ఎక్కింది.

ఆ మందుతో వచ్చే సమాచార పత్రంలో ఒక మాట నన్ను వదిలిపెట్టదు. ఈ సారానికి పరీక్షనాళికలో యాంటీఆక్సిడెంట్ గుణం కనిపించిందనీ, రోగికి దానివల్ల ఒనగూరేదేమిటో మాత్రం తెలియదనీ, మందు ఏ దారిన పనిచేస్తోందో కూడా తెలియదనీ అందులో ఒప్పుకున్నారు. ఊరూరా యాంటీఆక్సిడెంట్ పేరు చెప్పి క్రీములు అమ్ముతున్న కాలంలో, నిజంగా పరీక్ష నెగ్గిన మందు ఆ గొప్ప చెప్పుకోలేదు. మొక్కల సారంతో చర్మానికి మందు చేసే ప్రయత్నానికి మూడున్నర వేల ఏళ్ల చరిత్ర ఉంది. వెనక్కి తిరిగి ఆ దారంతా చూస్తే నాకు అర్థమైంది ఇది: ఏ మొక్కా తన గుణం ఒక్కదానివల్లే మందు కాలేదు. దాని సారానికి ఇంత మోతాదు, ఇంత శుద్ధి అని కట్టుదిట్టం చేసి, మనిషి ఒంటి మీద ఓపిగ్గా పరీక్షించినవాళ్లు దాన్ని మందుగా మలిచారు.

క్రీస్తుపూర్వం 1550 ప్రాంతపు ఈజిప్టు ఎబర్స్ పపైరస్‌లో చర్మబాధలకు మూలికల యోగాలున్నాయి. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ వందల మొక్కల గుణాలను గ్రంథస్థం చేశాడు. మన చరక సంహిత ఇంకో అడుగు ముందుకేసింది. సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో మూలికలను అవి చేసే పనిని బట్టి పదేసి చొప్పున 50 వర్గాలుగా విడదీసింది. చర్మవ్యాధులకు ఒక పది, దురదకు ఒక పది, మేనిఛాయకు ఒక పది. ఈ చివరి వర్గంలో చందనం, వట్టివేరు, అతిమధురం, మంజిష్ఠ, సుగంధిపాల కనిపిస్తాయి. ఇవాళ ఏ మూలికా క్రీము డబ్బా వెనక చూసినా వీటిలో రెండు మూడు పేర్లు తగులుతాయి. రెండు వేల ఏళ్ల నాటి జాబితా ఇంకా అమ్ముడవుతోందంటే ఆ వైద్యుల పరిశీలన ఎంత నిశితమో ఒప్పుకోవాలి. ఆ జాబితాకు మనం చేర్చాల్సినంత చేర్చలేదని కూడా ఒప్పుకోవాలి.

తెలుగువాళ్లకు ఈ విద్య గ్రంథాల్లో కన్నా దొడ్లోనూ వంటింట్లోనూ ఎక్కువ బతికింది. కోటూరు బసవరాజు కూర్చిన బసవరాజీయం మన వైద్యుల చేతి పుస్తకంగా తరాల పాటు నడిచింది నిజమే. కానీ పసిబిడ్డకు నలుగు పెట్టిన అమ్మమ్మ ఏ గ్రంథమూ తిరగేయలేదు. పెసలు, కాసిని బియ్యం, కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్లు, ఎండబెట్టిన నారింజ తొక్కలు, గులాబీ రేకులు కలిపి మర పట్టించేది. ముందు నువ్వులనూనెతో ఒళ్లు మర్దనా, ఆపైన ఈ సున్నిపిండితో నలుగు. నూనె చర్మాన్ని మెత్తబరిచేది, పిండి జిడ్డునూ మట్టినీ లాగేసేది. గజ్జికి కానుగనూనె, అమ్మవారు పోసినప్పుడు వేపాకు పరుపు, పసుపు పూత. ఇవన్నీ పనిచేశాయా అంటే కొన్ని పనిచేశాయి, కొన్ని ఊరట మాత్రమే ఇచ్చాయి. ఏది ఏదో తేల్చే పనిముట్లు అప్పటికి ఎవరి దగ్గరా లేవు.

ఆ పనిముట్లు ఐరోపా రసాయనశాలల్లో పుట్టాయి. 1815లో ఫోగెల్, పెల్లెటియర్ అనే ఇద్దరు పసుపుకొమ్ము నుంచి పచ్చటి రంగు పదార్థాన్ని వేరుచేశారు. అదే కర్క్యుమిన్. దాని అణునిర్మాణం తేలడానికి మరో 95 ఏళ్లు పట్టింది. 1910లో పోలండుకు చెందిన రసాయన శాస్త్రవేత్తలు ఆ ముడి విప్పారు. 1866లో హ్లాసివెట్జ్, బార్త్ ఇంగువ బంకలోంచి ఫెరులిక్ ఆమ్లాన్ని తీశారు. పప్పు తాలింపులో పడే ఇంగువకు, లక్షణంగా గాజుసీసాలో కూర్చునే ఖరీదైన సీరానికి సంబంధం ఉంటుందని ఆనాడు ఊహించినవారు లేరు. ఆ కథకు మళ్లీ వస్తాను. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపలోంచి నింబిన్ అనే చేదు పదార్థాన్ని విడదీశాడు. మన గడ్డ మీదే, మన వేపచెట్టు మీదే జరిగిన పని అది.

మొక్కల మందు గొప్పతనాన్నీ, దాని పరిమితినీ ఒకేసారి చూపించిన కథ చాల్‌మోగ్రా నూనెది. కుష్ఠుకు మన దేశంలో వాడుకలో ఉన్న ఈ గింజల నూనెను 1854లో ఫ్రెడరిక్ మౌట్ పాశ్చాత్య వైద్యుల దృష్టికి తెచ్చాడు. తాగితే వాంతి, సూదిమందుగా ఇస్తే గడ్డకట్టి కదలదు. 1915 ప్రాంతంలో హవాయిలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి యువ రసాయన శాస్త్రవేత్త ఆ నూనెలోని ఆమ్లాలను ఇథైల్ ఎస్టర్లుగా మార్చి, ఒంట్లో కలిసిపోయేలా చేసింది. ఆమె 24 ఏళ్లకే కన్నుమూసింది. పేరు మాత్రం చాలాకాలం వేరేవాళ్లకు దక్కింది. 1940ల్లో సల్ఫోన్ మందులు వచ్చాక ఆ నూనె పక్కకు తప్పుకుంది. అయినా ఆమె నేర్పిన పాఠం పాతబడలేదు. మంచి సారం దొరికితే సగం పనే అయినట్టు. అది శరీరంలోకి చేరే దారి వెయ్యడం మిగతా సగం.

యాంటీఆక్సిడెంట్ ఆలోచన ఈ వైద్యానికి బయటినుంచి వచ్చి చేరింది. 1900లో మోసెస్ గోంబర్గ్ జతలేని ఎలక్ట్రాన్‌తో నిలబడే ఫ్రీ రాడికల్‌ను మొదటిసారి చూపించాడు. 1920ల్లో ఫ్రాన్సులో మూరూ, డుఫ్రేస్ గాలి తగిలి పదార్థాలు చెడిపోకుండా ఆపే రసాయనాలను వెదికారు. నూనెలు కంపు కొట్టకుండా, రబ్బరు పగుళ్లివ్వకుండా చూడటం అప్పటి పరిశ్రమల అవసరం. 1922లో విటమిన్ ఈ, 1928లో సెంట్‌ జార్జీ చేతుల్లో విటమిన్ సీ బయటపడ్డాయి. 1956లో డెన్హామ్ హార్మన్ ఒక సాహసమైన ప్రతిపాదన చేశాడు. మన కణాల్లో నిత్యం పుట్టే ఫ్రీ రాడికల్సే ముసలితనానికి మూలం అన్నాడు. 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ ఆ రాడికల్స్‌ను అణిచే ఎంజైమును కణాల్లోనే కనిపెట్టేసరికి ఆ ప్రతిపాదనకు బలం వచ్చింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలో ఇవే రాడికల్స్‌ను పుట్టిస్తాయి. మొక్కలు పొద్దస్తమానం ఎండలోనే నిలబడి తమ రక్షణకు ఫినాల్ జాతి రసాయనాలు చేసుకుంటాయి. ఆ రక్షణను మన చర్మానికి అరువు తెచ్చుకోవచ్చన్న తర్కం ఎవరినైనా ఆకట్టుకుంటుంది.

ఈలోగా మన దేశంలో వ్యాపారం తన దారిన తాను సాగింది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, పైపూత మందుకు తెలుగువాడి చేవ చూపించాడు. స్వదేశీ ఉద్యమ కాలంలో కలకత్తా కెమికల్ వేపసబ్బును ఇంటింటికీ చేర్చింది. 1970ల్లో విక్కో పసుపు క్రీము వచ్చింది. అది మందా, సింగార సామగ్రా అన్న ప్రశ్న ఎక్సైజు సుంకం కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి మందుగానే నిలిచింది. ఆ సందిగ్ధం ఒక్క కంపెనీది కాదు, ఈ రంగం మొత్తానిది. 1984లో అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ రెంటికీ మధ్యనున్న సరుకును ‘కాస్మెస్యూటికల్’ అన్నాడు. చట్టం మాత్రం ఇప్పటికీ ఆ మాటను గుర్తించదు.

ప్రయోగశాలలో ఈ యాంటీఆక్సిడెంట్ గుణాన్ని ఎలా కొలుస్తారో దగ్గరినుంచి చూడాలి. 1958లో మార్స్‌డెన్ బ్లాయిస్ చెప్పిన డీపీపీహెచ్ పద్ధతి మన ఫార్మసీ కాలేజీలన్నిటిలో ఇవాళ్టికీ నడుస్తోంది. ముదురు ఊదారంగు ద్రావణం ఒకటి తయారుచేస్తారు. అదొక స్థిరమైన ఫ్రీ రాడికల్. అందులో ఆకు సారం చుక్కలు వేసి చీకట్లో అరగంట ఉంచుతారు. సారానికి సత్తువ ఉంటే ఊదారంగు వెలిసి లేత పసుపు తేలుతుంది. 517 నానోమీటర్ల దగ్గర కాంతిని కొలిచి, ఎంత వెలిసిందో శాతం కడతారు. చౌక, తేలిక, ఒక పూటలో ఫలితం. ఈ సౌకర్యమే ఈ రంగానికి ముప్పు తెచ్చింది. మునగాకైనా, దానిమ్మ తొక్కయినా, ఉసిరికాయైనా దాదాపు ప్రతి ఆకుపసరూ ఈ పరీక్ష నెగ్గుతుంది. ఒక మొక్క, ఒక ద్రావణి, ఒక గ్రాఫు, ఒక సిద్ధాంత వ్యాసం. అక్కడితో పని ఆగిపోతుంది. ఆ సారం చర్మంలోకి దిగుతుందా, వెలుతురు తగిలితే నిలుస్తుందా, దద్దుర్లు తెస్తుందా అన్న ప్రశ్నలు అడిగేవాళ్లు తక్కువ.

చర్మం పైపొర అంత సులువుగా దారి ఇవ్వదు. అణుభారం 500 డాల్టన్లు దాటితే లోపలికి పోవడం కష్టమని 2000లో బోస్, మైనార్డి ఒక లెక్క చెప్పారు. కర్క్యుమిన్ 368, గ్రీన్ టీలోని ఫినాల్ జాతి రసాయనాలైన క్యాటెచిన్లలో ముఖ్యమైనది 458. బరువులో రెండూ సరిపోతాయి. కానీ కర్క్యుమిన్ నీటిలో కరగదు, వెలుతురుకు విరిగిపోతుంది, క్షారం తగిలితే నిమిషాల్లో చెడిపోతుంది. పైగా ఒంటినీ బట్టనూ పచ్చగా చేస్తుంది.

ఇక్కడే డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన షెల్డన్ పిన్నెల్ పని గురించి చెప్పుకోవాలి. విటమిన్ సీ చర్మానికి మేలు చేస్తుందని అందరికీ తెలుసు. సీసాలో పోసి గాలి తగిలితే గోధుమరంగుకు తిరిగి పాడవుతుందనీ తెలుసు. ద్రావణం ఆమ్లగుణం పీహెచ్ 3.5 కన్నా తక్కువ ఉంటేనే అది చర్మంలోకి దిగుతుందని పిన్నెల్ బృందం తేల్చింది. 2005లో 15 శాతం విటమిన్ సీ, 1 శాతం విటమిన్ ఈ ఉన్న ద్రావణానికి అర శాతం ఫెరులిక్ ఆమ్లం కలిపి చూశారు. ఎండదెబ్బ నుంచి కాపాడే శక్తి నాలుగింతల నుంచి సుమారు ఎనిమిదింతలకు పెరిగింది. విటమిన్లు నిలవ కూడా ఉన్నాయి. ఆ పరీక్ష పంది చర్మం మీద జరిగిందన్నది మరవకూడదు. 1866లో ఇంగువలోంచి బయటపడిన పదార్థం, బియ్యపు తవుడులోనూ ఉండే పదార్థం, 139 ఏళ్లకు ఇలా పనికొచ్చింది. ఇందులో కొత్త మొక్క కనిపెట్టడం లేదు. మోతాదు, ఆమ్లగుణం, జత కుదర్చడం, ఇవే ఉన్నాయి.

తొందరపాటుకు దెబ్బలు కూడా గట్టిగానే తగిలాయి. చర్మ క్యాన్సర్ ఒకసారి వచ్చి తగ్గిన 1,805 మందికి ఐదేళ్ల పాటు బీటాకెరోటిన్ ఇచ్చి చూస్తే, కొత్త క్యాన్సర్లను అది ఆపలేదని 1990లో తేలింది. 1994లో ఫిన్లండులో పొగతాగేవాళ్లకు అదే ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. ఆహారపదార్థాల యాంటీఆక్సిడెంట్ శక్తిని అంకెల్లో చూపే పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో ఉపసంహరించుకుంది. ఆ అంకెలకూ ఆరోగ్యానికీ లంకె రుజువు కాలేదనీ, వాటిని వ్యాపార ప్రచారానికి వాడుకుంటున్నారనీ కారణం చూపింది. 2017లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కర్క్యుమిన్ మీద వచ్చిన పరిశోధనంతా జల్లెడ పట్టారు. 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా కట్టుదిట్టమైన పరీక్షలో నెగ్గింది ఒక్కటీ లేదని రాశారు. పసుపు మీద మనకున్న మమకారానికి ఇది చేదు మాటే. అయినా వినాలి. పసుపులో కర్క్యుమిన్ సుమారు మూడు శాతమే. మిగతా నూనెలు, పిండిపదార్థం కలిసి చేసే పని వేరు కావచ్చు. అదీ పరీక్షకు నిలబడితేనే నమ్మాలి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకర్షించే కథ బావంచాలది. నల్లటి చిన్న గింజలు, పచారీ కొట్లో పొట్లం కట్టి ఇస్తారు. బొల్లికి వీటిని వాడి ఎండలో కూర్చోమని మన పాత వైద్యం చెప్పింది. ఈజిప్టులో మరో మొక్కతో అదే పద్ధతి నడిచేది. 1940ల్లో కైరోలో ఎల్ మోఫ్తీ ఆ మొక్కలోనూ బావంచాల్లోనూ ఉండే సోరలెన్‌ను బొల్లి రోగులకు ఇచ్చి పరీక్షించాడు. 1974లో అమెరికా వైద్యులు సోరలెన్‌కు కొలిచిన అతినీలలోహిత కాంతి జోడించి సోరియాసిస్‌ను అదుపులోకి తెచ్చారు. ‘పువా’ చికిత్స అదే. మూలిక, ఎండ అన్న పాత జోడీ ఆసుపత్రి యంత్రంలోకి చేరిందన్నమాట.

ఆ గింజలోనే ఇంకో గుట్టు ఉంది. 1966లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మెహతా, నాయక్, సుఖ్‌దేవ్ బకుచియోల్ అనే పదార్థాన్ని విడదీశారు. ఆ మెహతా, గోవర్ధన్ మెహతా, తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. దాదాపు అర్ధ శతాబ్దం ఆ పదార్థాన్ని సౌందర్య ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 2014లో అది కణాల్లో విటమిన్ ఏ జాతి రెటినాల్‌ను పోలిన మార్పులు తెస్తుందని చూపించారు. ఆ తర్వాత అమెరికాలో 44 మంది మీద 12 వారాల పరీక్ష జరిగింది. ముడతలు, మచ్చలు తగ్గించడంలో అర శాతం బకుచియోల్ అర శాతం రెటినాల్‌తో సమానంగా నిలిచింది. రెటినాల్ రాసుకున్నవాళ్లకు పొట్టు లేవడం, మంట ఎక్కువ. 44 మంది చిన్న సంఖ్యే. కానీ మూలికను మూలికతో కాదు, నిగ్గుతేలిన మందుతో పోటీకి నిలబెట్టారు. దారి అంటే అది.

ఒకే గింజలో బకుచియోల్ శాంతం, సోరలెన్ ప్రచండం. బకుచియోల్‌ను అమ్మేవాళ్లు సోరలెన్‌ను పూర్తిగా తొలగించాలి. పచ్చి బావంచాల పొడి దట్టంగా పట్టించి మిట్టమధ్యాహ్నం ఎండలో తిరిగితే చర్మం బొబ్బలెక్కి నల్లబడే ప్రమాదం ఉంది. సహజమైనదల్లా సురక్షితం కాదు.

హక్కుల పోరాటం కూడా ఈ చరిత్రలో భాగమే. 1995లో పసుపుతో గాయాలు మాన్పే విధానం మీద మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికా పేటెంటు ఇచ్చింది. మాషెల్కర్ నాయకత్వంలోని కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు, 1953 నాటి ఒక వైద్య పత్రిక వ్యాసం ముందుపెట్టి వాదించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుకావడానికి ఆ గెలుపు కారణం. గర్వించదగ్గదే. అయితే అది ఇతరులను ఆపిన గెలుపు. మన పసుపుతో మనం తయారుచేసి, ప్రపంచం ఒప్పుకున్న చర్మపు మందు ఇంకా రాలేదు.

మన సొంత ఇంటి లోపాలు చూడకపోతే ఈ అవలోకనం నిజాయితీగా ఉండదు. 2004లో బోస్టన్‌లో అమ్ముతున్న 70 ఆయుర్వేద సరుకులను పరీక్షిస్తే 14 సరుకుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి దొరికాయి. బంగ్లాదేశ్‌లో పసుపుకు మెరుపు కోసం సీసం కలిసిన రంగు వేస్తున్నట్టు 2019లో బయటపడింది. మూలికా క్రీమని చెప్పి స్టెరాయిడ్లు కలిపి అమ్మితే వారంలో ముఖం మెరుస్తుంది, నెలల్లో చర్మం పల్చబడి, ఎర్రబడి, ఆ క్రీము లేకుండా ఉండలేని స్థితికి వస్తుంది. పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో కట్టడి చేసింది. అమలు ఎలా ఉందో ఏ చర్మవైద్యుణ్ణి అడిగినా చెబుతారు. తెల్లబడాలన్న మోజును పెంచి పోషించిన ప్రకటనల పాపం కూడా ఇందులో ఉంది.

సారానికి కొలత లేకపోవడం మరో పెద్ద లోటు. దుగ్గిరాల మార్కెట్ యార్డుకొచ్చే పసుపుకొమ్ము వేరు, నిజామాబాద్ కొమ్ము వేరు. రకం, నేల, ఉడికించిన సమయం, ఆరబెట్టిన తీరు మారితే లోపలి రసాయనం మారుతుంది. వెరిజెన్ సారంలో క్యాటెచిన్లు 85 నుంచి 95 శాతం మధ్య ఉండాలి, అందులో ఒక ముఖ్య క్యాటెచిన్ 55 శాతం దాటాలి. ప్రతి విడతా అంతే. మన మూలికా క్రీముల్లో ఎన్నిటి మీద ఇలాంటి హామీ చదవగలం? నిజామాబాద్‌లో 2025లో జాతీయ పసుపు బోర్డు ఏర్పడింది. ధరతోపాటు ఈ కొలతల సంగతి కూడా అది నెత్తికెత్తుకోవాలి. మన దగ్గరున్నవాటి విలువ గుర్తించకపోవడం కూడా ఇలాంటి లోటే: శేషాచలంలో పెరిగే ఎర్రచందనం నుంచి 1940లోనే టెరోస్టిల్బీన్ అనే యాంటీఆక్సిడెంట్‌ను వేరుచేశారు. మనకు ఆ చెట్టు పేరు చెబితే స్మగ్లింగే గుర్తుకొస్తుంది.

దారి మూసుకుపోలేదు. 2015 నవంబరులో కేంద్రం ఫైటోఫార్మాస్యూటికల్ అనే కొత్త ఔషధ వర్గాన్ని చట్టంలో చేర్చింది. మొక్క సారాన్ని శుద్ధిచేసి, కనీసం నాలుగు రసాయనాలను కొలిచి చూపించి, భద్రతనూ ఫలితాన్నీ మనుషుల మీద రుజువు చేస్తే దాన్ని ఆధునిక మందుగానే గుర్తిస్తారు. ట్రయల్స్ నమోదుకు మన సొంత రిజిస్ట్రీ ఉంది, 2009 నుంచి అందులో నమోదు తప్పనిసరి. హైదరాబాద్‌లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెద్దాసుపత్రుల చర్మవిభాగాల ముందు రోజూ రోగుల బారులు ఉంటాయి. విదేశీ పరీక్షల్లో ఎక్కువగా కనిపించేది తెల్లచర్మం. మన చామనఛాయ చర్మానికి మచ్చలు పడే తీరు వేరు కాబట్టి పరీక్షలు ఇక్కడ జరిగి తీరాలి. విశ్వవిద్యాలయాలకూ ఫార్మసీ కాలేజీలకూ నా విన్నపం ఇది: ఊదారంగు వెలిసిందని రాసిన దగ్గర సిద్ధాంత వ్యాసం ముగించనివ్వకండి. ఆ సారాలన్నిటిలోంచి ఒక్కదాన్ని ఎంచుకుని, ఆసుపత్రి వైద్యులతో చేతులు కలిపి, రిజిస్ట్రీలో పేరు నమోదు చేయించి, చివరిదాకా తీసుకెళ్లండి.